అడవి కంది పొట్లం, రెండు మొక్కలు: ఒక నర్సరీ కొనుగోలుపై సమీక్ష

గత సంవత్సరం జ్యేష్ఠమాసంలో, తొలకరి పడడానికి పది రోజుల ముందు, విజయనగరానికి దగ్గరలో ఉన్న ఒక నర్సరీలో "అడవి కంది, తూర్పు కనుమల అరుదైన పువ్వు" అని అచ్చు వేసిన విత్తనాల పొట్లం ఒకటి 120 రూపాయలకు కొన్నాను. అదే పేరుతో, ఒక్కొక్కటి 180 రూపాయల చొప్పున, రెండు మొక్కలు కూడా అక్కడినుంచే మా ఇంటికి వచ్చాయి. విత్తనం మట్టిలో పెట్టిన రోజు మొదలు కాయ ఎండి పగిలే రోజు వరకు, అంటే ఇంచుమించు తొమ్మిది నెలలు, వాటిని చూసిన తర్వాతే ఈ సమీక్ష రాస్తున్నాను. కొన్న వారానికే రాసి ఉంటే ఆ నర్సరీని ఆకాశానికి ఎత్తి ఉండేవాణ్ణి. వానాకాలం మధ్యలో రాసి ఉంటే తిట్టి ఉండేవాణ్ణి. నర్సరీ పేరు మాత్రం రాయడం లేదు. నా ఫిర్యాదు ఒక దుకాణం మీద కంటే, మన జిల్లాల్లో అడవి మొక్కలను అమ్మే పద్ధతి మీదే ఎక్కువ.

ముందు సరుకు ఏమిటో చెప్పాలి. పొట్లం వెనుక వృక్షశాస్త్ర నామం కజానస్ కజానిఫోలియస్ అని తప్పు లేకుండా రాసి ఉంది. మనం పప్పు చేసుకునే కందికి, అంటే కజానస్ కజాన్‌కు, ఇది అడవిలో మిగిలిన పూర్వీకురాలు. చిక్కుడు కుటుంబానికి చెందిన ఈ పొద సహజంగా పెరిగేది తూర్పు కనుమల ఉత్తర భాగంలో, ఒడిశా కొండల్లోను, బస్తరులోను, మన ఉత్తరాంధ్ర మన్యంలోను మాత్రమే. ఇలా ఒక ప్రాంతానికే పరిమితమై, లోకంలో మరెక్కడా సహజంగా కనిపించని జాతిని స్థానీయ జాతి అంటారు. బీహారు, ఒడిశా ప్రాంతాల వృక్షాలను పరిశీలించిన హెయిన్స్ అనే ఆంగ్లేయ అటవీ అధికారి 20వ శతాబ్దపు తొలి దశకాల్లో దీనిని అటైలోసియా అనే ప్రజాతిలో, అంటే దగ్గరి జాతుల గుంపులో, చేర్చి వర్ణించాడు. ఆ ప్రజాతికీ కంది ప్రజాతికీ మధ్య గోడ కట్టడానికి తగిన కారణం లేదని 1980 దశకంలో వాన్ డెర్ మాసెన్ అనే డచ్చి శాస్త్రజ్ఞుడు రెండింటినీ కలిపివేయడంతో దీనికి ఇప్పటి పేరు స్థిరపడింది.

ఇంత ముఖ్యమైన మొక్క మన పొరుగు కొండల్లో ఉందన్న సంగతి విజయనగరంలో చాలా మందికి తెలియదు. కందిలో ఎ4 అని పిలిచే మగ వంధ్యత్వ పద్ధతి, అంటే పనికొచ్చే పుప్పొడి లేని మొక్కలతో సంకర విత్తనం తీసే పద్ధతి, ఈ అడవి మొక్క కణద్రవ్యం నుంచే వచ్చింది. 1972లో పటాన్‌చెరులో ఏర్పడిన అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు దాని ఆధారంగానే వాణిజ్య స్థాయి సంకర కందిని తయారు చేయగలిగారు. 2010లో మధ్యప్రదేశ్ రైతులకు విడుదలైన ఐసీపీహెచ్ 2671 ఆ వరుసలోనిదే. తరువాత తెలంగాణలో విడుదలైన సంకర రకానికి పెట్టిన పేరు "మన్నెం కొండ కంది". ఆ పేరు పెట్టిన వారెవరో గాని మొక్క పుట్టిల్లు మరచిపోలేదు. ఇటువంటి మొక్కను ఎవరైనా విత్తనం కట్టి అమ్ముతున్నారంటే మొదట సంతోషమే కలిగింది.

పొట్లం విషయంలో నర్సరీ వారిని మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి. ప్లాస్టిక్ సంచి కాకుండా మందపాటి గోధుమరంగు కాగితం వాడారు. లోపల గింజలతో పాటు ఎండిన వేపాకు నాలుగైదు రెక్కలు వేశారు. కంది జాతి గింజకు పుచ్చు పురుగు ఎంత త్వరగా పడుతుందో ఇంట్లో కందులు నిలవ చేసిన ఎవరికైనా తెలుసు. మా గింజల్లో ఒక్కదానికీ బెజ్జం లేదు. పొట్లం మీద 20 గింజలని రాసి 22 వేశారు. ధర చూసి మా ఆవిడ మాత్రం, "అదే డబ్బుకు ఇంచుమించు కిలో కందిపప్పు వచ్చేది కదండీ" అని ఒక్క మాట అని ఊరుకుంది.

పేచీ పేరు దగ్గర మొదలైంది. పొట్లం ముందు వైపు "అడవి కంది" అని, వెనుక వైపు "కొండ కంది" అని, లోపలి కరపత్రంలో "మన్యం కంది" అని మూడు పేర్లు మూడు చోట్ల ఉన్నాయి. చదివేవారికి ఇవి మూడూ ఒకటే అనిపిస్తుంది గాని, శ్రీకాకుళం, విజయనగరం వాసులకు అవి ఒకటి కావు. కొండ కందులంటే మనకు సీతంపేట, పాలకొండ, సాలూరు, పార్వతీపురం వైపు సంతల్లో దొరికే కందులు. సవర, జాతాపు గిరిజనులు కొండ వాలు పొలాల్లో సామలతోనూ, చోళ్ళతోనూ కలిపి తరతరాలుగా పండించే పంట అది. కొత్త కందులను అమ్మవారికి పెట్టి గాని నోట పెట్టకూడదన్న నియమంతో సవర గూడేల్లో కందికొత్తల పండుగ కూడా చేస్తారు. అది పూర్తిగా మనిషి చేతిలో పెరిగిన పంట. పొట్లంలో ఉందని చెబుతున్నది ఎవరూ విత్తకుండా తనంతట తాను మొలిచే అడవి పొద. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరం మూడు వేల ఏళ్ళకు పైబడిన వ్యవసాయం. ఇంకొక చిక్కు ఏమిటంటే, అడవి కంది అనే పేరుతో శేషాచలం కొండల వైపు పూర్తిగా వేరే మొక్కను, రింకోషియా బెడ్డోమైని, పిలుస్తారు. అది కూడా చిక్కుడు కుటుంబానిదే, అది కూడా కొద్ది ప్రాంతానికే పరిమితమైన స్థానీయ జాతే. తిరుపతిలో ఉన్న మా తోడల్లుడికి పొట్లం గురించి ఫోనులో చెబితే, "అన్నయ్యా, అది మా వైపు పుండ్లకు ఆకు నూరి కట్టే మొక్క కదా" అని ఆశ్చర్యపోయాడు. కాబట్టి వాడుక పేరుతో అమ్మడంలో తప్పు లేదు గాని, ఏ ఊరి వాడుకో చెప్పాలి.

కరపత్రం చివర "పప్పుగా కూడా వండుకోవచ్చు" అన్న వాక్యం చదివినప్పుడు నాకు నవ్వు వచ్చింది. పగలగానే గింజలను నాలుగు వైపులా విసిరేసే మొక్కనుంచి పిడికెడు పప్పు కూడబెట్టడానికి ఎంత పెరడు కావాలో రాసినవారు ఆలోచించి ఉండరు.

ఇక గింజల సంగతి. కంది గింజనూ అడవి కంది గింజనూ వేరు చేసి చూపే గుర్తు ఒకటుంది. గింజ కాయకు అంటుకుని ఉండే బొడ్డు దగ్గర అడవి జాతికి తెల్లటి చిన్న కండ స్పష్టంగా ఉబ్బి కనిపిస్తుంది. సాగులో ఉన్న కందికి ఆ కండ ఉండదు, ఉన్నా ఉందా లేదా అన్నట్లు ఉంటుంది. అడవి గింజ చిన్నది, నలుపు కలిసిన గోధుమ రంగులో మచ్చలు మచ్చలుగా ఉంటుంది. పది రెట్లు పెద్దది చేసి చూపే చేతి అద్దంతో 22 గింజలనూ తెల్ల కాగితం మీద పరచి చూస్తే, 14 గింజలకు కండ స్పష్టంగా ఉంది, తక్కిన 8 గింజలకు లేదు. ఆ ఎనిమిదీ కొంచెం పెద్దవి, ఎర్రగా, నున్నగా, బజారులో దొరికే కొండ కందులకు తీసిపోకుండా ఉన్నాయి. అంటే నేను డబ్బు ఇచ్చి కొన్న పొట్లంలో మూడో వంతుకు పైగా మామూలు కందులే. అదనంగా వేసిన రెండు గింజల ఔదార్యం ఆ క్షణంలో కొంత వెలవెలపోయింది.

అయినా తొందరపడి తీర్పు చెప్పకూడదని రెండు రకాలనూ వేరువేరుగా నాటాను. కరపత్రంలో "ఒక రాత్రి నానబెట్టి నాటండి" అని మాత్రమే ఉంది. సాగు కందికి ఆ సలహా చాలు. చాలా అడవి చిక్కుళ్ళ మాదిరిగా ఈ గింజకు పై పొర నీటిని లోపలికి రానివ్వనంత గట్టిగా ఉంటుంది, కనుక దానిని కొంచెం గీయనిదే నానదు. అందుకే కండ ఉన్న 14 గింజల్లో ఏడింటిని బొడ్డుకు ఎదురు వైపున గరుకు కాగితం మీద మెల్లగా రుద్ది, తరువాత నానబెట్టాను. తక్కిన ఏడింటిని కరపత్రం చెప్పినట్లే నానబెట్టి ఊరుకున్నాను. రుద్దిన ఏడింటిలో ఆరు పది రోజుల లోపు మొలిచాయి. రుద్దని ఏడింటిలో పదిహేను రోజులకు రెండు, నెలన్నర తరువాత అనుకోకుండా ఇంకొకటి మొలిచాయి. తక్కిన నాలుగూ రాళ్ళలాగే మట్టిలో ఉండిపోయాయి. కండ లేని ఎనిమిదింటిలో ఏడు అయిదో రోజుకే మొలకెత్తాయి. ధ్రువీకరించిన కంది విత్తనానికి కనీస మొలక శాతం 75 ఉండాలన్నది మన దేశ ప్రమాణం. అడవి గింజను ఆ కొలతతో కొలవడం న్యాయం కాదు గాని, పొట్లంలో ఒక గరుకు కాగితం ముక్క, కరపత్రంలో ఒక్క వాక్యం చేర్చి ఉంటే కొన్నవారి నిరాశ చాలా వరకు తగ్గేది. ఈ ఖర్చు పొట్లానికి పావలా కూడా కాదు.

మొక్కల విషయానికి వస్తే, మొదటిదాన్ని విత్తనాల కోసం వెళ్ళిన రోజే స్వయంగా ఎంచి తెచ్చుకున్నాను. అది నిజమైనదే. మూడు రెక్కల ఆకు, ఆకు కింద నూగు, సన్నని నిటారు కాండం, అన్నీ సరిగ్గా ఉన్నాయి. దాని మీద నాకున్న అభ్యంతరం సంచి చిన్నదవడం. కంది జాతికి తల్లివేరు లోతుగా దిగుతుంది. జానెడు సంచిలో రెండు నెలలు ఉంచితే ఆ వేరు అడుగున చుట్టుకుపోతుంది. నేను సంచి చింపి చూసేసరికి వేరు అప్పటికే ఒక చుట్టు తిరిగి, బెజ్జంలోంచి బయటికి వచ్చి, కింది నేలలో పాతుకోవడానికి ప్రయత్నించి, పీకినప్పుడు తెగిన ఆనవాలు కనిపించింది. పొడవాటి గొట్టం సంచులు ఇప్పుడు ఎక్కడైనా దొరుకుతున్నాయి కదా.

రెండో మొక్క కథ వేరు. ఆషాఢంలో మా అబ్బాయి ఆ దారిన వస్తుంటే ఇంకొకటి తెమ్మన్నాను. వాడు చీటీ చూసి, 180 రూపాయలు ఇచ్చి, జాగ్రత్తగా మోటారు సైకిలు మీద పెట్టుకుని తెచ్చాడు. అప్పుడు నాకు జ్వరం, చూడకుండానే నాటించాను. వారం తరువాత చూస్తే ప్రతి కణుపు దగ్గర ఒక్కటే ఆకు, మొదట సన్నగా మొదలై చివర వెడల్పయ్యే ఆకు. కందికి మూడు రెక్కల ఆకు ఉండాలన్నది ఏడో తరగతి పిల్లవాడు కూడా పొలంలో చూసి చెప్పగలడు. పూలు పూసే దాకా ఆగి చూశాను: పసుపు పచ్చని పెద్ద పూలు, రేకుల మీద ఎర్ర గీతలు, ఎండాక గలగలలాడే ఉబ్బిన కాయలు. అది గిలిగిచ్చ. పిల్లలు ఎండిన కాయలను చెవి దగ్గర ఊపి ఆడుకునే ఆ మొక్క చింతపల్లి సముద్రం ఒడ్డు దారిలో ఇసుక నేలల్లో కావలసినంత పెరుగుతుంది. ఆసియాలోని వేడి ప్రాంతాల్లో చాలా చోట్ల కనిపించేదే గాని మన కొండలకు పరిమితమైనది కాదు. దాన్ని చిన్నచూపు చూడడం లేదు. అందమైన మొక్కే, గాలి వీస్తే కాయలు చేసే సద్దు వినడానికి బాగుంటుంది కూడా. కాని అరుదైన పువ్వు అని చెప్పి అమ్మవలసిన మొక్క కాదు. ఇందులో నర్సరీ వారి మోసం ఉందని నేను అనుకోవడం లేదు. పక్కపక్క వరుసల్లో ఉన్న మొక్కలకు చీటీలు గుచ్చేటప్పుడు ఒక చీటీ అటు వెళ్ళి ఉంటుంది. కాని చీటీ చూసి కొనే మనిషికి అది మోసంతో సమానమే అవుతుంది.

పెరుగుదల గురించి చెప్పడానికి నాకు ఎక్కువ లేదు. మా పెరటి ఎర్ర నేల దీనికి నచ్చింది, ఎరువు వేయలేదు. వేరు మీది బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి కనుక వేయనక్కరలేదు కూడా. చచ్చిన మొక్కను పీకినప్పుడు బుడిపెలు కోసి చూశాను, లోపల గులాబీ రంగు ఉంది, అంటే అవి పని చేస్తున్నాయని అర్థం. అక్టోబరులో వాయుగుండం పట్టి నాలుగు రోజులు వాన కురిసినప్పుడు మొలకల్లో రెండు నీటి నిలవకు చచ్చిపోయాయి. కంది జాతికి వేరు మునగడం పనికిరాదన్న హెచ్చరిక కరపత్రంలో ఉంది, నేనే మడి ఎత్తు పెంచలేదు. ఆ తప్పు నాది.

మామూలు కందులనుకున్న ఏడు మొక్కలూ నవంబరు చివరికి పూశాయి. అడవి కందివి డిసెంబరు ఆఖరి వారం దాకా ఊరించి, సంక్రాంతి నాటికి నిండుగా పూశాయి. పగటి వేళ తగ్గితే గాని పూయని జాతి కనుక, ఎప్పుడు నాటినా ఇంచుమించు అదే కాలానికి పూస్తుంది. ఈ విషయం చెప్పకపోవడంతో సెప్టెంబరులోనే పువ్వు కోసం ఎదురుచూసి విసిగి పీకేసిన వారు కూడా ఉండవచ్చు. పువ్వు చిక్కుడు పువ్వు తీరులోనే ఉంటుంది: వెనుక నిలబడే ధ్వజం, ఇరుపక్కల రెండు బాహువులు, మధ్యలో పడవలాగా కలిసిన ద్రోణి, అందులో దాగిన పది కేసరాలు, వాటిలో తొమ్మిది ఒక కట్టగాను, ఒకటి విడిగాను. ఉదయం ఎండ పడగానే ఆ పసుపు రంగు పెరడంతా వెలిగిస్తుంది. తోటలో పువ్వు కోసమే కొనేవారికి, అచ్చమైన మొక్క చేతికి వస్తే, ఈ కొనుగోలు నష్టం కాదని నిస్సందేహంగా చెప్పగలను. మొగ్గల మీద కాయతొలుచు పురుగు, గూడు కట్టే మారుకా పురుగు కొంత కనిపించాయి గాని చేత్తో ఏరివేయగలిగినంతే.

ఇప్పుడు అసలు విషయం. జనవరిలో పూల మీద పెద్ద తేనెటీగలు, ఆకులను గుండ్రంగా కత్తిరించే తేనెటీగలు వాలడం చూసి నాకు అనుమానం వచ్చింది. కంది తనలో తాను పరాగం చేసుకోగలదు గాని, తేనెటీగలు పక్క మొక్క పుప్పొడిని కూడా మోసుకొస్తాయి. ఈ అడవి జాతి సాగు కందితో చాలా సులువుగా కలిసిపోతుంది. శాస్త్రజ్ఞులకు దాని విలువ అందులోనే ఉంది, విత్తనం అమ్మేవారికి దానితో ప్రమాదమూ అందులోనే ఉంది. అందువల్ల కొన్ని పూల గుత్తులకు మొగ్గ దశలోనే పలుచని మల్లు గుడ్డ సంచులు కట్టి ఉంచాను. ఫిబ్రవరి చివర కాయలు ఎండేసరికి, మధ్యాహ్నపు ఎండలో చిటుకు చిటుకుమని పగిలే శబ్దం వరండాలోకి వినిపించింది. అడవి జాతి కాయ ఎండగానే రెండు రెక్కలూ మెలి తిరిగి గింజను దూరంగా విసురుతుంది. మనిషి పంటగా మలచిన కందిలో ఆ గుణం పోయింది, పోబట్టే మనం కోసి కళ్ళానికి తెచ్చుకోగలుగుతున్నాం. మొలకల్లో మిగిలిన ఏడు అడవి మొక్కల్లో అయిదింటి కాయలు ఇలాగే పగిలాయి. తక్కిన రెండింటివి మాత్రం పగలలేదు, ఆకు కూడా పెద్దది, గింజల్లో కొన్నింటికి కండ మసకగా ఉంది.

నాటేటప్పుడు ఆ రెండు గింజలకు కూడా తెల్లటి కండ చక్కగా ఉందే, మరి మొక్క ఇలా ఎందుకు వచ్చిందని కొంతసేపు తికమకపడ్డాను. ఆలోచిస్తే అందులో వింత లేదు. గింజ పై పొర, ఆ బొడ్డు కండ తల్లి మొక్క శరీరంలోనివి. లోపలి పిండంలో మాత్రమే తండ్రి వాటా ఉంటుంది. కాబట్టి చేతి అద్దంతో చూసి నేను నిర్ధారించినది తల్లిని మాత్రమే, తండ్రి ఏ పొలం కందో ఆ అద్దం చెప్పలేదు. అంటే నర్సరీలోని తల్లి మొక్కలు నిజమైన అడవి కందే, వాటి పక్కనే మామూలు కంది పూసింది, తేనెటీగలు తమ పని తాము చేశాయి. కండ లేని ఎనిమిది గింజలు కూడా అదే పక్క వరుసనుంచి కలిసి ఉంటాయి.

ఈ అనుమానం తీర్చుకోవడానికి మార్చిలో మళ్ళీ నర్సరీకి వెళ్ళాను. సేవ విషయంలో వారికి మంచి మార్కులే వేయాలి. పనిలో ఉన్న పెద్దాయన నన్ను గుర్తుపట్టి, "మాస్టారూ, మొక్కలెలాగున్నాయండి, పూసాయా" అని అడిగి, కుర్చీ వేసి, మజ్జిగ ఇప్పించాడు. గింజలు ఎక్కడివని అడిగితే దాపరికం లేకుండా చెప్పాడు: "మొదట కొండమీద సంతలో ఓ ముసలమ్మ దగ్గర తెచ్చామండి, నాలుగేళ్ళయింది. ఆ తర్వాత మన దగ్గరే కాయించుకుంటన్నాం." ఏ సంత అని అడిగితే మాత్రం గుర్తు లేదన్నాడు. తల్లి మొక్కలు చూపించమంటే చూపించాడు. వెనుక కంచె పొడవునా అడవి కంది వరుస, దానికి నాలుగు బారల దూరంలో వాళ్ళ ఇంటి వాడకానికి వేసుకున్న కంది మడి. నేను అనుకున్నదంతా అక్కడ నా కళ్ళ ఎదుటే ఉంది.

గిలిగిచ్చ సంగతి చెప్పగానే యజమాని వచ్చి, వాదించకుండా, 180 రూపాయలు వెనక్కి ఇచ్చాడు. పొట్లంలోని మామూలు కందుల సంగతి చెబితే మాత్రం కొంచెం ముఖం ముడుచుకుని, "కంది కందే కదండీ, ఏటి తేడా" అన్నాడు. ఆ ఒక్క మాట దగ్గరే నాకూ ఆ నర్సరీకీ పొత్తు కుదరలేదు. గులాబీయో మందారమో కొన్నప్పుడు పువ్వు బాగుంటే చాలు, అది ఏ ఊరినుంచి వచ్చిందో నేను అడగను. స్థానీయ జాతి అని చెప్పి ఎక్కువ ధర తీసుకున్నప్పుడు కొనేవాడు డబ్బు ఇస్తున్నది ఆ చోటుకే. ఏ కొండ, ఏ మండలం, ఏ సంవత్సరం సేకరించినది, అడవి నుంచి నేరుగా తెచ్చినదా, నర్సరీలో కాయించినదా, కాయించినదైతే దగ్గరలో కంది ఉందా, ఈ వివరాలు లేనప్పుడు ఆ పొట్లంలో ఉన్నది పసుపు పూలు పూసే ఒక పొద మాత్రమే. "తూర్పు కనుమలు" అని రాయడం చిరునామా కాదు. ఆ కనుమలు ఒడిశా నుంచి తమిళనాడు దాకా ఉన్నాయి. నేరుగా అడవినుంచే తెచ్చి అమ్మమని కూడా నేను కోరడం లేదు. ఇంత కొద్ది చోట్ల పెరిగే జాతిని కొండమీద ఏరి అమ్మడం కంటే, నర్సరీలో శుద్ధంగా కాయించి అమ్మడమే మేలు. దానికి కావలసినది తమ కంది మడిని కంచెకు దూరంగా మార్చడం, లేదా పూసే రోజుల్లో పూలకు గుడ్డ కట్టడం. గజం మల్లు గుడ్డతో అయిపోయే పని.

ధర గురించి ఒక మాట. నా లెక్కన 120 రూపాయలకు నాకు దక్కినవి అయిదు నిజమైన మొక్కలు. మొదటి మొక్కతో కలిపి ఆరు. ఏడు మామూలు కంది మొక్కల నుంచి సంక్రాంతికి పచ్చి కాయలు కోసి, ఉప్పు వేసి ఉడకబెట్టుకుని తిన్నాం, చాలా బాగున్నాయి, ఆ రుచికి మా ఆవిడ పొట్లం ఖరీదును క్షమించింది. దానిని కూడా లెక్కలోకి తీసుకుంటే నష్టపోయానని అనలేను. విత్తనాల పొట్లానికి అయిదులో మూడు, మొదటి మొక్కకు నాలుగు, చీటీ తప్పిన రెండో మొక్కకు సున్న, డబ్బు తిరిగి ఇచ్చిన మర్యాదకు నాలుగున్నర, మూలం చెప్పడంలో ఒకటి ఇస్తాను. కొనదలచినవారు మొక్కను చీటీ చూసి కాక ఆకు చూసి ఎంచుకోవాలి, గింజలను చేతి అద్దంతో చూసి కండ ఉన్నవే తీసుకోవాలి, డిసెంబరు దాకా ఓపిక పట్టాలి. గరుకు కాగితం సొంతంగా కొనుక్కోవాలి.

గుడ్డ సంచులు కట్టిన గుత్తుల నుంచి నాకు 61 గింజలు దక్కాయి, ఆ అయిదు మొక్కలవే. వాటిలో సగం కాగితంలో కట్టి, కోసిన తేదీ, కట్టిన పద్ధతి రాసి, మూలం అన్న చోట "తెలియదు" అని రాసి ఆ నర్సరీకే ఇచ్చి వచ్చాను. ఈ వైశాఖంలో అటుగా వెళ్ళినప్పుడు చూస్తే కొత్త పొట్లాలు అమ్మకానికి ఉన్నాయి. "పప్పుగా కూడా వండుకోవచ్చు" అన్న వాక్యాన్ని ప్రతి కరపత్రంలోనూ బాల్‌పాయింట్ పెన్నుతో కొట్టేశారు. వెనుక "కొండ కంది" అన్న పేరు అలాగే ఉంది. ధర మాత్రం 140 అయింది.